సమాచారం ఇచ్చే నంబరు సరే, సాయం అడిగే నంబరేదీ?

సంపాదకుడు గారికి,

నమస్కారం. నేను పనిచేస్తున్న జూనియర్ కళాశాల నోటీసు బోర్డు మీద, పరీక్ష ఫీజు గడువు తేదీల పక్కనే, మత్తుమందుల పోస్టరు ఒకటి అంటించి ఉంది. మాదకద్రవ్యాల గురించి ఏ సమాచారం తెలిసినా 1908కి ఫోన్ చేయండి, మీ వివరాలు గోప్యంగా ఉంచుతాం అని దాని మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. పోయిన నెలలో ఒక తల్లి ఆ పోస్టరు ముందు చాలాసేపు నిలబడి, ఆ తర్వాత స్టాఫ్ రూమ్ గుమ్మం దాకా వచ్చి, "సార్, ఈ నంబరుకు ఫోన్ చేస్తే మా పిలగాణ్ణి తీసుకపోతరా?" అని అడిగింది. సంచిలోంచి వైట్‌నర్ సీసా ఒకటి, అట్టకట్టుకుపోయిన చేతి రుమాలు ఒకటి తీసి నా బల్ల మీద పెట్టింది. రుమాలు ఇంకా ఘాటు వాసన కొడుతూనే ఉంది. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న కొడుకు బ్యాగులో దొరికాయట.

ఇరవయ్యేళ్లుగా పాఠాలు చెబుతున్న నాకు ఆమెకేం చెప్పాలో వెంటనే తోచలేదు. తెలిసినవారిని కనుక్కుని, వైట్‌నర్ ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం కింద మాదకద్రవ్యం కాదు, దానికి ఆ కేసు ఉండదు అని మర్నాడు చెప్పాను. ఆమె ముఖంలో ఊరట ఏమీ కనిపించలేదు. "గంజాయి గూడ తాగిండని దోస్తులు అంటున్నరు" అంది. పోలీసులకు చెబితే కేసు, కళాశాలలో చెబితే టీసీ, బంధువులకు చెబితే పరువు, ఎవరికీ చెప్పకపోతే పిల్లవాడు. ఈ నాలుగింటి మధ్య నిలబడి ఆమె ఆ పోస్టరు చదివింది.

ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చుందని నేను అనను. తెలంగాణలో మాదకద్రవ్యాల నిరోధానికే ప్రత్యేక పోలీసు విభాగం ఏర్పడింది, 2025 జూన్ 26న దానికి ఈగల్ అని పేరు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే పేరుతో ఒక విభాగం ఉంది, అక్కడి నంబరు 1972. (రెండు రాష్ట్రాలూ ఒకే పేరు పెట్టుకోవడం వల్ల ఏ వార్త ఎక్కడిదో చదివేవారికి తికమకగా ఉంటోందన్నది వేరే సంగతి.) ఆంధ్రా-ఒడిశా సరిహద్దు మన్యంలో గంజాయి తోటలను నరికించడం, రైళ్లలోనూ బస్సుల్లోనూ తనిఖీలు చేయడం, కళాశాలల్లో యాంటీ డ్రగ్ కమిటీలు వేయించడం, ఇవన్నీ కావలసిన పనులే. పట్టుబడిన కుర్రాళ్లను కొన్ని సందర్భాల్లో కేసు పెట్టకుండా చికిత్సకు పంపారని మీ పత్రికల్లోనే చదివాం. అయితే పట్టుబడ్డాక దొరికే ఆ దయ, పట్టుబడకముందే తలుపు తట్టినవారికి దొరుకుతుందా అన్నది ఆ పోస్టరు చూస్తే తెలియదు.

విచిత్రమేమిటంటే, ఆ తల్లి ప్రశ్నకు జవాబు చట్టంలోనే ఉంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అనే సెక్షన్ ప్రకారం, మత్తుమందు వాడినందుకో, చిన్న పరిమాణంలో దగ్గర ఉంచుకున్నందుకో ఆరోపణ ఎదుర్కొంటున్న, మత్తుకు బానిసైన వ్యక్తి, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన ఆస్పత్రిలో తనంతట తాను చికిత్సకు చేరి, ఆ చికిత్స పొందితే, ఆ నేరాలకు అతణ్ణి ప్రాసిక్యూట్ చేయరాదు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. గంజాయి విషయంలో చిన్న పరిమాణమంటే కిలో దాకా. అంటే, అమ్మేవాణ్ణి వేరుగానూ అలవాటుపడ్డ కుర్రవాణ్ణి వేరుగానూ చూడాలన్న ఆలోచన చట్టం రాసినవారికి ఉంది, పోస్టరు రాసినవారికి మాత్రం తట్టలేదు. ఒక సభలో వేదిక మీద ఉన్న పోలీసు అధికారిని ఈ సెక్షన్ గురించి పిల్లలకు చెప్పమని కోరితే, "అది చెబితే భయం పోతుంది సార్" అన్నారు. ఆయన మాటలో నిజాయితీ ఉంది. కానీ భయం అమ్మేవాడికి ఉండాలి. బానిసకు భయం పెట్టినంత మాత్రాన అలవాటు పోదు, దాచుకోవడం మాత్రం బాగా అబ్బుతుంది.

సరఫరా ఒక్కటే ఆపి, వాడేవారి గతి పట్టించుకోకపోతే ఏమవుతుందో తెలంగాణ ఒకసారి చూసింది. 2015లో కల్తీ కల్లు మీద దాడులు మొదలవగానే, అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లుకు ఏళ్ల తరబడి అలవాటుపడ్డ పల్లె జనం చేతులు వణికి, ఫిట్స్ వచ్చి, పొంతనలేని మాటలు మాట్లాడుతూ నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆస్పత్రులకు, అక్కడి నుంచి హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు బారులు తీరారు. దాడి చేయడం తప్పు కాదు. అలవాటైన మత్తు ఒక్కసారిగా ఆగితే ఒళ్లు ఎలా తిరగబడుతుందో వైద్యశాఖకు తెలిసీ, పడకలూ మందులూ ముందే సిద్ధం చేయకపోవడం తప్పు. ఎక్సైజ్ శాఖ ఒక దారి, ఆరోగ్యశాఖ ఒక దారి అయితే మధ్యలో నలిగేది రోగి.

పిల్లల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. పెద్దల్లో కంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు అందులో ఒక్కటే, పీల్చే పదార్థాలు. పెద్దల్లో 0.58 శాతం వాడుతుంటే, 10 నుంచి 17 ఏళ్ల వారిలో 1.17 శాతం వాడుతున్నారు. వైట్‌నర్, పంక్చర్ల జిగురు, థిన్నర్, ఇవేవీ జాగిలాలు పసిగట్టి పట్టుకునే సరుకు కావు, స్టేషనరీ దుకాణంలో పెన్నుల పక్కనే ఉండే సరుకు. బాలల న్యాయ చట్టం 2015లోని 77వ సెక్షన్ పిల్లలకు మద్యం, మాదకద్రవ్యాలు, పొగాకు ఇచ్చినవారికి ఏడేళ్ల దాకా కఠిన కారాగారం విధించవచ్చంటోంది. వైట్‌నర్ సీసాలు అదే పనిగా కొంటున్న పిల్లవాణ్ణి చూసి దుకాణదారు ఏం చేయాలో మాత్రం మా ఊళ్లో ఎవరూ అతనికి చెప్పలేదు. ఇక్కడ పోలీసు కన్నా తరగతి గది చివరి బెంచీ తెలిసిన మనిషి ఎక్కువ ఉపయోగం. ఒకప్పుడు చురుగ్గా ఉన్నవాడు మధ్యాహ్నం తర్వాత కళ్లెర్రగా, తల వాల్చి కూర్చుంటే మేం "రాత్రంతా ఫోన్ చూశావా" అని గద్దించి ఊరుకున్నాం. ఆ తల్లి వచ్చేదాకా మాకు వేరే అనుమానమే రాలేదు. కమిటీలో నేనూ సభ్యుణ్ణే. ఏటా ప్రతిజ్ఞ చేయించాం, ర్యాలీ తీశాం, ఫొటోలు పంపాం. గుర్తులు ఎలా కనిపెట్టాలో, ఎవరి దగ్గరికి పంపాలో మాకు ఒక్కపూట శిక్షణ కూడా జరగలేదు.

అదే సర్వే ప్రకారం నిషిద్ధ మత్తుమందులకు బానిసలైనవారిలో 20 మందిలో ఒకరికే చికిత్స అందుతోంది. చికిత్స గురించి అడగడానికి 14446 అనే జాతీయ సహాయ నంబరు ఉంది, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416 ఉంది. (అంకె ఒక్కటే తేడా, గుర్తుపెట్టుకునేవాడి ఓపిక.) మా పోస్టరు మీద ఈ రెండూ లేవు.

కనుక ప్రభుత్వానికి నా విన్నపం ఖరీదైనది కాదు. తర్వాత అచ్చువేసే ప్రతి పోస్టరు మీద 1908 ఎంత పెద్దగా ఉంటుందో 14446 కూడా అంతే పెద్దగా ఉండాలి. దాని కింద, చికిత్సకు మీ అంతట మీరు వస్తే వాడకానికి సంబంధించిన కేసు నుంచి చట్టం మీకు రక్షణ ఇస్తుంది అన్న వాక్యం తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి. అలవాటు బయటపడినంత మాత్రాన విద్యార్థికి టీసీ ఇవ్వరాదని కళాశాలలకు రాతపూర్వకంగా చెప్పాలి. యాంటీ డ్రగ్ కమిటీ సమావేశానికి ఎస్ఐ గారితో పాటు జిల్లా ఆస్పత్రి మానసిక వైద్యుణ్ణీ పిలవాలి.

ఈలోగా నేను ఒక తెల్లకాగితం మీద 14446 అని స్కెచ్ పెన్నుతో రాసి, అడుగున అదే నంబరును చింపుకోవడానికి వీలుగా పది చీలికల మీద రాసి, ఆ పోస్టరు కింద అంటించాను. నిన్న సాయంత్రం చూస్తే మూడు చీలికలు లేవు.

ఇట్లు,
ఒక జూనియర్ కళాశాల అధ్యాపకుడు,
హనుమకొండ జిల్లా