వారానికి ఒక్క మాత్ర

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు, అమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను. పోయిన ఆదివారం ఫోనులో మీరు నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. ఔషధ రసాయన శాస్త్రం అంటే అసలు ఏం నేర్పుతారు అన్నది ఒకటి. కీళ్ళవాతానికి అమ్మ వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్రను డాక్టరుగారు వారానికి ఒక్కసారే వేసుకోమని అంత గట్టిగా ఎందుకు చెప్పారన్నది రెండోది. అప్పుడు తొందరలో ఏదో చెప్పేశాను గాని, ఆ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటేనని ఫోను పెట్టేశాక తట్టింది. అమ్మ మాత్రలు వేళకు తీసి ఇచ్చేది మీరే కాబట్టి, తీరికగా కూర్చుని మీకే రాస్తున్నాను.

మందుల పేర్లు, మోతాదులు మాకు ఈ తరగతిలో చెప్పరు. ఒక అణువు నిర్మాణం ఎలా ఉంటే అది శరీరంలో ఎక్కడికి చేరుతుంది, దేన్ని అంటిపెట్టుకుంటుంది, అందులో ఒక చిన్న భాగాన్ని మారిస్తే దాని గుణం ఎలా మారిపోతుంది అన్నదే మా చదువంతా. మొదటి వారంలోనే మా చేత ఫోలిక్ ఆమ్లం బొమ్మ గీయించారు. అమ్మ వేరే రోజున వేసుకునే చిన్న విటమిన్ మాత్ర అదే. దానిలో మూడు భాగాలున్నాయి: ఒక చివర రెండు వలయాలు అతుక్కుని ఉండే టెరిడిన్, మధ్యలో పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం, రెండో చివర గ్లుటామిక్ ఆమ్లం. తరవాత మరో కాగితం మీద అదే కొలతలతో మెథోట్రెక్సేట్‌ను గీశాను. రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తే, రెండు చోట్ల తప్ప గీతలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. టెరిడిన్‌లో నాలుగో స్థానాన ఆక్సిజన్ ఉండవలసిన చోట అమైనో సమూహం ఉంది, పదో నైట్రోజన్ మీద ఒక మిథైల్ అదనంగా ఉంది. ఒకటి ప్రాణానికి అవసరమైన విటమిన్, రెండోది ఆ విటమిన్ పనినే ఆపేసే మందు. ఆ కాగితాలను చాలాసేపు పట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

ఆ మిథైల్ కూడా లేని తోబుట్టువు ఒకటి ఇంతకు ముందే ఉంది. దాని పేరు అమినోప్టెరిన్. అమెరికాలోని లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలల్లో యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలోని బృందం దాన్ని తయారు చేసింది. ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి పదార్థాలు ఇస్తే రక్త క్యాన్సరు తగ్గకపోగా ముదిరినట్టు కనిపించింది. అలాగైతే ఆ విటమిన్‌కు అడ్డుపడేదాన్ని ఇచ్చి చూడాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. సిడ్నీ ఫార్బర్ అనే అమెరికా వైద్యుడు రక్త క్యాన్సరు ఉన్న 16 మంది పిల్లలకు ఆ మందు ఇచ్చి, వారిలో 10 మందికి కొంతకాలం పాటు మెరుగుపడిందని 1948లో ప్రకటించారు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. మా అధ్యాపకురాలు పాఠం మధ్యలో ఆయన ఇంటిపేరును కూడబలుక్కుంటూ పలికినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

ఇక అసలు సంగతి. కణం విభజన చెందాలంటే కొత్త డి.ఎన్.ఏ. తయారుకావాలి, దానికి ఫోలేట్, అంటే ఫోలిక్ ఆమ్లపు విటమిన్, కావాలి. ఆ ఫోలేట్‌ను పనికొచ్చే రూపంలోకి మార్చేది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైము, అంటే కణంలో రసాయన మార్పును జరిపించే ప్రోటీను. ఎంజైమును తాళంతోను, దానికి అతికే పదార్థాన్ని తాళంచెవితోను జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ 1894లోనే పోల్చారు. ఆ పోలికనే మనసులో పెట్టుకుని, మెథోట్రెక్సేట్ అచ్చం ఫోలేట్‌లాగానే ఎంజైములోకి దూరి కూర్చుంటుందని నేను రాసి ఇచ్చాను. అది తప్పు. ఎక్స్‌రే స్ఫటిక చిత్రాల్లో చూస్తే, ఫోలేట్‌తో పోల్చినప్పుడు మెథోట్రెక్సేట్ టెరిడిన్ వలయం పూర్తిగా తిరగబడి, బోర్లాపడినట్టు కూర్చుంది. ఆక్సిజన్ స్థానంలో అమైనో సమూహం వచ్చేసరికి ఆ వలయానికి క్షారగుణం పెరిగి, అది ఒక ప్రోటాన్‌ను పట్టుకుని ధనావేశం పొందుతుంది. ఎంజైము గుంటలో రుణావేశంతో ఉన్న ఒక అమైనో ఆమ్లం ఉంది. ఆ రెండూ ఒకదాన్నొకటి లాక్కోవడం వల్లనే వలయం తిరగబడుతుంది; ఆ పట్టు ఫోలేట్ పట్టుకంటే సుమారు వెయ్యి రెట్లు గట్టిగా ఉంటుంది. నా కాగితాల మీద గీతలు ఎంత చక్కగా కలిసినా ఆవేశాలు కలవలేదన్న సంగతి నేను చూడలేదు. బొమ్మ గీసిన ప్రతిసారీ ఏ పరమాణువు మీద ఏ ఆవేశం ఉందో ముందు రాసుకోవడం అప్పటినుంచే మొదలుపెట్టాను.

ప్రయోగశాలలో మొన్న ఆస్పిరిన్ చేశాం. సాలిసిలిక్ ఆమ్లానికి ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ కలిపి, నాలుగు చుక్కల ఆమ్లం వేసి, వేడినీళ్ళలో ఉంచి, ఆ తరవాత మంచులో చల్లార్చితే తెల్లని స్ఫటికాలు వస్తాయి. నేను తొందరపడి వేడి మీంచి ముందే దించేశాను. స్ఫటికాలు చూడ్డానికి బాగానే ఉన్నాయి, కానీ చిటికెడు తీసి ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేయగానే ఊదారంగు తిరిగింది. మారకుండా మిగిలిపోయిన సాలిసిలిక్ ఆమ్లాన్ని ఆ రంగు పట్టిచ్చింది. మర్నాడు మళ్ళీ చేశాను, ఈసారి రంగు రాలేదు.

వారానికి ఒక్కసారే ఎందుకన్న మీ ప్రశ్నకు వస్తాను. మాత్ర వేసుకున్నాక ఒకటి రెండు రోజుల్లో మందు చాలా మటుకు మూత్రపిండాల గుండా బయటికి పోతుంది. కానీ కణాల్లోకి చేరిన మందుకు కణమే గ్లుటామిక్ ఆమ్లపు ముక్కలను ఒకదాని వెనక ఒకటి తోకలా తగిలిస్తుంది. ఆ ముక్కలన్నీ రుణావేశం మోసేవే కాబట్టి, అంత ఆవేశంతో కణపు పొరను దాటి బయటికి రావడం దానికి సాధ్యం కాదు. రక్తంలో మందు కనబడకపోయినా కణాల్లో అది వారాల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. అమ్మకు ఇచ్చేది క్యాన్సరుకు ఇచ్చే మోతాదులో చిన్న వంతు. కీళ్ళలో అది అడినోసిన్ అనే పదార్థాన్ని పెంచి వాపును తగ్గిస్తుందని ఎక్కువమంది శాస్త్రజ్ఞులు భావిస్తారు. ఇంత నిలవ ఉండే మందును రోజూ వేసుకుంటే అది కణాల్లో పేరుకుపోయి, తొందరగా విభజన చెందే ఎముక మజ్జను, నోటి లోపలి పొరను ముందుగా దెబ్బతీస్తుంది. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఫోలిక్ ఆమ్లం మాత్ర వేరే రోజున ఇచ్చేది నోటిపూత, వికారం వంటివి తగ్గించడానికే, దాన్ని మానేయకండి.

ఇంకో ముఖ్యమైన మాట. బ్యాక్టీరియాను అరికట్టే ట్రైమెథోప్రిమ్ అనే మందు కూడా ఇదే ఎంజైము మీద పనిచేస్తుంది. మన ఎంజైముకన్నా బ్యాక్టీరియా ఎంజైమును అది వేల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి మామూలుగా మనకు హాని చేయదు. దాని రూపకల్పన వెనక ఉన్న జార్జ్ హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్‌లకు 1988లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కానీ మెథోట్రెక్సేట్ వేసుకునేవారికి రెండు మందులూ కలిస్తే మజ్జ దెబ్బతినే ప్రమాదం ఉంది. అమ్మకు జ్వరమో, మూత్రంలో మంటో వచ్చి ఎవరైనా కోట్రైమాక్సజోల్ రాస్తే, అందులో ట్రైమెథోప్రిమ్ ఉంటుంది. మెథోట్రెక్సేట్ సంగతి వారికి తప్పకుండా చెప్పండి. నొప్పి మాత్రలు కూడా సొంతంగా కొని ఇవ్వకండి.

మాత్రల అట్ట మీద రాసి ఉన్న మిల్లీగ్రాముల సంఖ్యను, మీరు అమ్మకు వారంలో ఏ రోజున ఇస్తున్నారో ఆ రోజు పేరును, ఈమధ్య చేయించిన రక్తపరీక్ష, కాలేయపరీక్ష ఫలితాలను నాకు రాసి పంపండి. నోట్లో పుళ్ళు గాని, ఆయాసం గాని కనిపిస్తే నా జవాబు కోసం ఆగకుండా వెంటనే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళండి. పొద్దున్న లేచాక అమ్మ వేళ్ళు ఎంతసేపు బిగుసుకుపోయి ఉంటున్నాయో, ముందుకన్నా తగ్గిందో లేదో అమ్మనే అడిగి రాయండి.

ఇట్లు,
మీ కుమార్తె