ప్రశ్నావళి ఖరారు చేసే ముందు ఒక మాట

అందరికీ నమస్కారం. రెండు దేశాల టీములు కలిసి రాసిన సర్వే డ్రాఫ్ట్ చదివాను. వరద నష్టం మీద ప్రశ్నలు బోలెడున్నాయి, జనం ఎలా తట్టుకున్నారన్నది మాత్రం ఒక్కటే. అది సరిపోదు. హెచ్చరిక ఎవరి ద్వారా అందింది, ఎవరి మాట నమ్మి ఇల్లు వదిలారు, పశువుల్ని ఎక్కడికి తోలారు, షెల్టర్‌లో ఆడవాళ్లకు మరుగు ఉందా, ఇవన్నీ అడగాలి.

బంగ్లాదేశ్‌నే చూడండి. 1970 భోలా తుపానులో కనీసం 3 లక్షల మంది చనిపోయారని అంచనా. 1972లో అక్కడ తుపాను సంసిద్ధత కార్యక్రమం మొదలైంది. ఊరి వాలంటీర్లే మెగాఫోన్లు పట్టుకుని వీధివీధికీ తిరిగి హెచ్చరిస్తారు. తర్వాతి కాలంలో మరణాలు బాగా తగ్గడానికి షెల్టర్లతో పాటు వాళ్లూ ఒక కారణం. తెలిసిన మనిషి గుమ్మంలో నిలబడి చెప్తే కదులుతారు. మన ప్రశ్నలు ఆ నమ్మకాన్ని పట్టుకోవాలి.

ఇంకోటి. దక్షిణాఫ్రికాలో సాన్ అనే ఆదివాసీ ప్రజలు తమ దగ్గరికొచ్చే పరిశోధకుల కోసం 2017లో తామే ఒక నియమావళి విడుదల చేశారు. మనం కూడా పరిశోధన పేపర్ జర్నల్‌కి పంపే ముందే ఫలితాలను ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లకు వాళ్ల భాషలో వినిపించాలి, వాళ్లు వద్దన్నది తీసేయాలి. సమ్మతి పత్రం మీద సంతకం తీసుకున్నాం కదా అని ఊరుకుంటే కుదరదు. స్థానిక సమన్వయకర్తల పేర్లు కృతజ్ఞతల్లో కాదు, రచయితల్లో ఉండాలి. ఇందులో నేను రాజీపడను.

బడ్జెట్ సంగతి విడిగా మాట్లాడుకుందాం. శుక్రవారం కాల్‌కి ముందే డ్రాఫ్ట్‌లో మీ కామెంట్లు పెట్టండి. ఫీల్డ్‌లో ఉన్నవాళ్లు వాయిస్ మెసేజ్ పంపినా చాలు, నేను రాసిపెడతాను.