బొమ్మ కన్నా ముందు చదరం

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ మహిళా పేజీలో క్రోషియా (కొక్కెం సూదితో దారం అల్లే పని) మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు ముచ్చటగా ఉన్నాయి. కానీ మొదటిసారి సూది పట్టేవాళ్లకు నల్ల ఊలుతో ఎలుగుబంటి బొమ్మ చెప్పడం, పైగా నెల తిరిగేసరికి సంపాదన మొదలవుతుందనడం బాధ కలిగించింది. ప్రభుత్వ బడిలో పనిచేసి రిటైరయ్యాక, ఎండాకాలం సెలవుల్లో మా కాలనీ ఆడపిల్లలకు ఈ పని నేర్పిస్తున్నాను. వాళ్లు ఎక్కడ ఆగిపోతారో కళ్లారా చూస్తున్నాను.

నల్ల దారంలో కుట్టు కనబడదు. కనబడనిదాన్ని లెక్కపెట్టేదెట్లా? లేత రంగు దారం, 4 నుంచి 5 మిల్లీమీటర్ల సూది చాలు. ఫ్యాన్సీ షాపులో అడిగితే చాలాసార్లు లేసుకు వాడే సన్న స్టీలు సూది చేతిలో పెడతారు. అది చేయి తిరిగాక పట్టాల్సింది. మే నెలలో నల్లగొండ ఎండకు ఊలు చెమట వేళ్లకు అంటుకుంటుంది, అందుకే నేను మందపాటి నూలు దారమే ఇస్తాను.

మొదట గొలుసు కుట్టు. పిల్లలు బిగించి లాగుతారు, రెండో వరుసకు సూది దూరదు. గొలుసు వరకు ఒక సైజు పెద్ద సూది ఇస్తే సరిపోతుంది. అసలు చిక్కు ఆ తర్వాత, సింగిల్ క్రోషియా అనే పొట్టి కుట్టు దగ్గర. "టీచర్, నాది సమోసా లెక్క అయితుంది" అంటారు. చదరం కావాల్సింది వరుస వరుసకూ సన్నబడిపోతుంది. చివరి కుట్టు అంచుకు ఒదిగి పక్కకు తిరిగి ఉంటుంది, కంటికి ఆనదు, దాన్ని వదిలేసి తిప్పేస్తారు. వరుసలో మొదటి కుట్టుకూ చివరి కుట్టుకూ చెరో పిన్నీసు పెట్టించండి. 15 కుట్లతో మొదలుపెడితే ప్రతి వరుసలో 15 లెక్క తేలాలి. తిప్పాక ఒక గొలుసు వేసి, అంచున ఉన్న మొదటి కుట్టులోనే సూది గుచ్చాలి, పైన కనిపించే రెండు పోగుల కిందుగా. అంచు నిటారుగా వచ్చిననాడు ఆ పిల్ల మొహం చూడాలి.

బొమ్మ అల్లిక అట్లా కాదు. వరుస ఎక్కడ ముగిసిందో తెలియకుండా గుండ్రంగా సాగిపోతుంది. కొత్తవాళ్లు అందులో దారి తప్పుతారు.

ఇంకొకటి, మీ నమూనాలో 'డబుల్ క్రోషియా' అని ఉంది. అమెరికా వాళ్ల సింగిల్‌నే బ్రిటన్ వాళ్లు డబుల్ అంటారు. ఏ దేశం పద్ధతో నమూనా కింద ఒక్క ముక్క వేస్తే ఎంతోమంది కష్టం వృథా కాదు.

సంపాదన సంగతి. క్రోషియాతోనే అల్లే నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తరతరాలుగా అల్లుతున్న అక్కడి ఆడవాళ్ల చేతికి వచ్చే కూలి ఇప్పటికీ తక్కువే. చేతిపనికి ఎంత కాలం పడుతుందో మన పోచంపల్లి, పుట్టపాక నేతన్నలను అడిగినా చెబుతారు. డబ్బు ఆశతో మొదలుపెట్టిన పిల్ల మొదటి చదరం వంకరపోగానే సూది అవతల పడేస్తుంది. తన చేత్తో రుమాలంత గుడ్డ తయారైందన్న సంతోషంతో మొదలుపెట్టిన పిల్ల రెండోది తనే అడిగి అల్లుతుంది.

కాబట్టి రాబోయే వారాల్లో ముందు చదరం, తర్వాత గుండ్రం, ఆ తర్వాతే బొమ్మ ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. చివరి కుట్టు ఎక్కడుందో బాణం గుర్తుతో దగ్గరి ఫొటో ఒకటి తప్పక వేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
నల్లగొండ