పంటల బీమా, రైతు మీద అనుమానం: పరిశోధన చేస్తున్న బిడ్డకు

నర్సంపేట

చిరంజీవి బిడ్డకు బాపు ఆశీస్సులు.

బీమా ఉంటే రైతు సేద్యం మీద శ్రద్ధ తగ్గిస్తాడని, మోరల్ హజార్డ్ అనే ఈ గుణమే పంటల బీమాను దెబ్బతీస్తున్నదని నీ ఎమ్మెస్సీ పరిశోధనలో చూపదలచినట్టు రాశావు. ఆ భయం వట్టిదని నేననను. 1972లో గుజరాత్‌లో హెచ్-4 పత్తితో మొదలై మరికొన్ని రాష్ట్రాలకు పాకిన ప్రయోగంలో ఒక్కొక్క రైతు చేనును విడిగా చూసి పరిహారమిచ్చారు. అది ముగిసేనాటికి 3,110 మంది కట్టిన ప్రీమియం 4.54 లక్షల రూపాయలైతే, చెల్లించిన పరిహారం 37.88 లక్షలు.

అందుకే ఆర్థికవేత్త దండేకర్ 1976లో చేనును కాక ప్రాంతాన్ని లెక్కలోకి తీసుకోమన్నారు. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమాలోనూ ముఖ్య పంటలకు గ్రామ పంచాయతీయే యూనిట్. గత ఏడేళ్లలో మెరుగైన ఐదేళ్ల సగటును బట్టి కట్టిన ప్రమాణం కంటే ఊరి దిగుబడి తగ్గితేనే పరిహారం వస్తుంది. వడగళ్లు, ముంపు వంటి వాటికి మాత్రమే చేనును విడిగా చూస్తారు. కలుపు తీయించకుండా చేను పాడుపెట్టుకున్నవాడికి దానివల్ల అదనంగా ఒక్క రూపాయి రాదు, పైగా సొంత పంట పోతుంది. ఊరంతా బాగా పండి తన చేను ఒక్కటే పురుగుకు పోయిన కష్టజీవికీ ఏమీ రాదు. ఒకరి మోసాన్ని ఆపడానికి కట్టిన గోడకు ఇంకొకరు మూల్యం చెల్లిస్తున్నారు, బిడ్డా. నీ ఉత్తరంలో ఈ మనిషి కనబడలేదు.

ఇక ఊరి దిగుబడిని ముఖ్యంగా తేల్చేది పంచాయతీకి కనీసం నాలుగు పంట కోత ప్రయోగాలు, అంటే ఎంచిన మడుల్లో పంట కోసి తూచడం. పత్తినైతే పలుమార్లు ఏరుతారు కనుక ప్రతి ఏరుడూ తూచాలి. ఒక రైతు ఎంత అశ్రద్ధ చేసినా ఊరి సగటును కదపలేడు. ఆ నాలుగు మడుల దగ్గర కాంటా పట్టినవాడు కదపగలడు. తప్పు చేయాలన్న ప్రలోభం, చేయగల శక్తి రెండూ ఎక్కడ కలుస్తాయో అక్కడ వెతకడమే న్యాయమని నా అభిప్రాయం.

మన రాష్ట్రం 2020 వానాకాలం నుంచి ఆ ఫసల్ బీమా పథకంలోంచి తప్పుకుంది. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చిని తినేసినప్పుడు, ఆ బీమా ఆసరా లేకుండానే, మందులు కొట్టి కొట్టి అప్పులపాలైన రైతులు చివరికి తోటలు పీకేశారు. ఇంకొక మందుకు అప్పు తెచ్చినా ఫలితముండదని తెలిసినప్పుడు చేను వదిలేయడం అశ్రద్ధ కాదు, లెక్క.

రైతులను అడిగే నీ ప్రశ్నావళిలో ఈ రెండూ చేర్చు: మీ ఊళ్లో కోత ప్రయోగం జరిగినప్పుడు చూశారా, ఆ తూకం మీకు చెప్పారా. జవాబులు ఎలా వచ్చినా నాకు రాయి.

నీ
బాపు