ఫోన్ ఎత్తని చిన్నోడికి

చిన్నోడా,

నీ గొంతు విని ఇరవై రోజులైంది. ఫోన్ చేస్తే కోడలే ఎత్తుతుంది, "మీటింగులో ఉన్నారు మామయ్యా" అంటుంది. ఆ పిల్లను ఏమీ అనకు, ఆమె తప్పేముంది. అందుకే వాట్సాప్‌లో పొడుగ్గా రాస్తున్నాను. తీరిక చేసుకుని చదువు, లిఫ్టులో పోతూ పోతూ కాదు.

ఇక్కడ అంతా మంచిదే. పత్తి రెండో ఏరుడు అయింది, వానకు కొంత నల్లబడింది, ఏరడానికి మనుషులు దొరకడం లేదు. బర్రె చూడిది. అమ్మ మోకాలు అట్లాగే ఉంది, నువ్వు పంపిన నూనె దాచిపెట్టి పసరు రాసుకుంటుంది. అడిగితే నూనె అయిపోతుందట.

మొన్న గుండ్లపల్లి మామ వచ్చాడు. ఊరికే వచ్చాడట, ఆయన ఊరికే ఎప్పుడు వచ్చాడో నీకు తెలుసు కదా. చాయ తాగి, లేవబోతూ, "అల్లుడు పెద్ద బండి కొంటున్నాడట గదా బావా, డిపెండరో ఏదో" అన్నాడు. మల్లేపల్లి చౌరస్తాలో హోటల్ దగ్గర ఎవరో అన్నారట. నేను నమ్మలేదు. మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, అంతే.

నమ్మలేదు గాని ఆ రాత్రి ఫోన్‌లో చూశాను. రెండు వీడియోలనుకున్నది పదకొండు దాటింది, అమ్మ లైటు తీసేసింది. నీకు తెలుసో లేదో, నువ్వు మోజు పడుతున్న ఆ డిఫెండరును చేసేది ల్యాండ్ రోవర్ వాళ్ళు, వాళ్ళ మొదటి బండి రైతుల కోసం పుట్టిన బండి. 1947లో బ్రిటన్‌లో మారిస్ విల్క్స్ అనే ఇంజినీరు సముద్రం ఒడ్డున ఇసుకలో దాని బొమ్మ గీశాడట, మొదటి నమూనాను జీపు చాసిస్ మీదే కట్టారట. యుద్ధం అయిపోయి ఇనుముకు కరువు, అందుకని బాడీ అల్యూమినియంతో చేశారు. 1948లో ఆమ్‌స్టర్‌డాంలో జనానికి చూపించారు. ఇటు మన మహీంద్రా వాళ్ళు జీపులు బిగించడం మొదలుపెట్టిందీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. అంటే నేను నడిపిన జీపూ నువ్వు కావాలంటున్నదీ ఒక తల్లి పిల్లలే, ఒకటి పొలంలోనే ఉండిపోయింది, ఒకటి చదువుకుని పట్నం పోయింది. 2008 నుంచి ఆ కంపెనీ టాటా వాళ్ళది. ఇది చదివి కొంచెం సంతోషమైంది, ఎందుకో.

మీ నాయినకు మోజు తెలియదు అనుకోకు. జీపులో ఎత్తున కూర్చుంటే నేను డ్రైవర్ననే సంగతే మరిచిపోయేవాణ్ణి. దేవరకొండ బజారులో జనం జరిగి దారిచ్చేది సాబుకు అనుకునేవాణ్ణి, సాబు లేనప్పుడూ జరిగేవాళ్ళు. మనుషులకు కాదు, జీపుకే.

ఆ చెలక సంగతి నీకు చెప్పానా? 1988 వానాకాలం. అమ్మ కాపురానికి వచ్చి నెల కాలేదు. సాబు మీటింగుకని హైదరాబాదు పోతూ జీపు ఆఫీసులోనే పెట్టమన్నాడు. నేను పెట్టలేదు. సీదా ఇంటికి తెచ్చి, అమ్మను బాయి గడ్డ మీద నిలబెట్టి, చూడు దీని పని అని వాగు పక్క చెలకలోకి దించాను. అడుగున నల్లరేగడి ఉందని తెలిసే దించాను, ఫోర్ వీల్ ఉంది కదా అని. పది గజాలు పోయింది. తర్వాత ముందర ఒక చక్రం, వెనక ఒక చక్రం బురదలో గిర్రున తిరుగుతున్నాయి, మిగతా రెండూ చూస్తూ కూర్చున్నాయి. డిఫరెన్షియల్ గుణమే అది, ఏ చక్రం సులువుగా తిరిగితే తిప్పుడంతా దానికే పోతుంది. బెంజి వాళ్ళ జీ వ్యాగన్‌లో దీనికి నడుమ, వెనక, ముందు మూడు లాకులు పెట్టారు, మూడూ వేస్తే ఒక్క చక్రానికి పట్టు దొరికినా బండి కదులుతుంది. నా జీపుకు అవి ఎక్కడివి! ఎంత రేజ్ చేస్తే అంత దిగింది, కమాన్ పట్టీల దాకా.

తాత వచ్చాడు. తిట్టలేదు. కర్రెద్దునూ మైలెద్దునూ తోలుకొచ్చి, మోకు కట్టి, రెండు అదిలింపుల్లో గట్టుకు లాగించాడు. ఎద్దుల మెడలు నిమురుతూ అడిగాడు, "దీనికి మేత ఏమేస్తావురా?" డీజిల్ నాయినా అన్నాను. "అది మన చెలకల మొలుస్తదా?" అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, ఇప్పటికీ ఆ మాట తీస్తే నవ్వుతుంది. జీపును వాగులో మూడుసార్లు కడిగాను. అయినా వారం తర్వాత సాబు పట్టీల సందులోంచి నల్లటి పెళ్ళ ఒకటి పీకి, "ఇది ఏ ఊరి మట్టి?" అన్నాడు. నేను పలకలేదు. నెల రోజులు నాతో ఆయనా మాట్లాడలేదు, నువ్వు ఇప్పుడు చేస్తున్నట్టే.

సరే. బండి కొనుక్కో, నీ సంపాదన, నీ ఇష్టం. నేను అడిగేది పైసలు ఎక్కడివని. పెద్ద బండ్ల మీద 2025 సెప్టెంబరు నుంచి జీఎస్టీయే 40 శాతం, తగ్గించిన తర్వాత సంగతి ఇది, ముందు సెస్సుతో కలిపి 50. దాని మీద లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్. రోడ్డు మీదికి వచ్చేసరికి కోటి దాటుతుంది. మూడడుగుల లోతు నీళ్ళలో పోతుందట, 900 మిల్లీమీటర్లు అని రాశారు. నువ్వు దాటే వాగు ఏదిరా? మీ అపార్ట్‌మెంట్ సెల్లారా? లచ్చత్త చిన్నోణ్ణి చూడు, ఆమనగల్లు దిక్కు రెండెకరాలు అమ్మి తెల్ల ఫార్చునర్ తెచ్చాడు. రెండేళ్ళు పెళ్ళిళ్ళకూ చావులకూ దాంట్లోనే తిరిగాడు. ఇప్పుడు టైర్లు మార్చడానికి పైసలు లేక తాటిపత్రి కప్పి పెట్టాడు, కింద కోడి పొదుగుతుంది. భూమి ఒకసారి పోతే మళ్ళీ ఆ రేటుకు ఒక్క గుంట రాదు. రేటు పెరిగిందని అమ్మేవాడు పెరిగిన రేటుకే కొనుక్కోవాలి కదా, ఇంజినీరింగ్ చదివినవాడికి నేను లెక్క చెప్పాలా? క్లాసు పీకొద్దనుకునే మొదలుపెట్టాను, మళ్ళీ అదే అయింది.

ఇంకొకటి, నవ్వకు. నిన్న టేపు తీసుకుని పోచమ్మ గుడి మలుపు కొలిచాను. అటు కొస గుండ్లపల్లి మామే పట్టుకున్నాడు. ఏడడుగుల రెండంగుళాలు. ఆ డిఫెండరు అద్దాలు తెరిచి ఉంటే ఏడడుగులకు ఒక అంగుళం తక్కువ. మూడంగుళాలు మిగులుతుంది, ఇటొకటిన్నర అటొకటిన్నర. అద్దాలు మడిచి, నేను ముందర నిలబడి చెయ్యి ఊపితే పడుతుంది. నువ్వొక్కడివే తిప్పకు, గీసుకుంటావు. మామ ఊరంతా చెప్తాడు, చెప్పనీ.

నీ పాత కారు సర్వీసింగ్ చేయించావా? నాలుగో టైరు నున్నగా అయిందని దసరాకే చెప్పాను. రాత్రిపూట సాగర్ రోడ్డు మీద రాకు, లారీలు లైట్లు లేకుండా ఆపుతారు. అమ్మ నువ్వుల పొడి కొట్టింది, చింతకాయ తొక్కు సీసా మూత గట్టిగా లేదు, రెండు కవర్లు కట్టాను, నిలబెట్టే తీసుకుపో.

దసరాకు వచ్చినప్పుడు బీరువాలోంచి వాగు పక్క చెలక పాసుబుక్కు తీసి జిరాక్సు చేయించుకుపోయావట. అమ్మ నిన్ననే చెప్పింది, ఇన్నాళ్ళు దాచి. బ్యాంకుకా, ఇంకెవరికైనా ఇచ్చావా? అడ్వాన్సు ఏమైనా పట్టావా? పట్టి ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పు, తిట్టను. ఆదివారం పొద్దున ఆరింటికి చేస్తాను, ఆ వేళ ఏ మీటింగూ ఉండదు, నువ్వే ఎత్తు.

మీ నాయిన