నష్టపోతున్నవాడి లెక్క వేరు

సంపాదకుడికి,

ఏ రెండు దేశాల మధ్య ఉద్రిక్తత పెరిగినా విశ్లేషకుల మొదటి మాట ఒకటే: ‘లాభనష్టాలు బేరీజు వేసుకునే ఆ దేశం అడుగు వేస్తుంది’. దేశానికి ఒకటే తల ఉన్నట్టు, ఆ తలలో తక్కెడ తప్ప మరేమీ లేనట్టు!

తక్కెడే లేదని నేననడం లేదు. కానీ లాభం చేతికందేటప్పుడు ఆచితూచి నడిచే మనిషే, నష్టం ఖాయమనిపిస్తే పెద్ద జూదానికి తెగిస్తాడని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, అమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే సిద్ధాంతీకరించారు. ఘర్షణల్లో తరచూ ఇరుపక్షాలూ నష్టపోతున్నది తామేననుకుంటాయి. అలాంటప్పుడు బెదిరింపు పెంచితే ఎదుటివాడు తగ్గుతాడన్న లెక్క తలకిందులవుతుంది.

1956లో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేస్తే, బ్రిటన్ ప్రధాని ఆంథొనీ ఈడెన్‌కు ఆయనలో ఇటలీ నియంత ముస్సోలినీ కనిపించాడు. 1938లో ఆ ముస్సోలినీతో రాజీ విషయంలోనే విభేదించి విదేశాంగ మంత్రి పదవి వదులుకున్న మనిషి మరి! తాడును చూసి పామనుకున్నాడంటే కారణం ఆయన గతంలోనే ఉంది. సైన్యాన్ని పంపాడు, అమెరికా ఒత్తిడితో వెనక్కి రప్పించాడు, 1957 జనవరిలో రాజీనామా చేశాడు.

1962 అక్టోబర్ 27న వైట్‌హౌస్‌లో జరిగింది వేరు. క్యూబాలోని సోవియట్ క్షిపణులు చర్చలతో కదలవేమోనని అమెరికా అధ్యక్షుడు కెనడీ సందేహిస్తే, మాస్కోలో రాయబారిగా ఉండి వచ్చిన లెవెలిన్ థాంప్సన్ అధ్యక్షుడి ముఖం మీదే ఒప్పుకోనన్నాడు. క్యూబాను తానే కాపాడానని చెప్పుకునే వీలు దొరికితే సోవియట్ నేత కృశ్చేవ్‌కు చాలన్నది ఆయన వాదన. ఆ మాటలు ఆ సమావేశాన్ని రికార్డు చేసిన టేపుల్లో ఉన్నాయి. క్యూబాపై దండెత్తబోమన్న హామీతో పాటు, టర్కీ నుంచి అమెరికా క్షిపణులను తీసేస్తామన్న రహస్య హామీ కూడా పనిచేసింది కదా, అది ఇచ్చిపుచ్చుకోవడమే కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. మరి దాన్ని అంత గుట్టుగా ఉంచడమెందుకు? పరువు, మిత్రదేశాలు ఏమనుకుంటాయోనన్న బెంగ అందులో లేవా?

విదేశాంగ కథనాల్లో మీరు ఆయుధాల సంఖ్య, వాణిజ్యం విలువ తప్పకుండా ఇస్తారు. వాటి పక్కనే ఆ నాయకుడు ఇదివరకు ఎక్కడ దెబ్బతిన్నాడో, ఇప్పుడు ఏది చేజారిపోతోందని భయపడుతున్నాడో, ఆయనకు కాదని చెప్పగలవాళ్ళు చుట్టూ ఎవరున్నారో కూడా రాయించండి. అందుకోసం క్షిపణుల పట్టిక కాస్త చిన్నదైనా మాలాంటి పాఠకులం ఏమీ అనుకోము.

ఇట్లు,
ఒక పాఠకుడు