పటాల షాపు పెట్టే ముందు పాత పటాలు విప్పి చూడండి

సంపాదకులకు నమస్కారం.

మీ స్వయం ఉపాధి పేజీలో పటాలు కట్టే పని గురించి రాశారు, సంతోషం. కానీ ఫ్రేములు కట్టే మెషిన్ ఒకటి కొనుక్కుని, గోడకి నాలుగు శాంపిల్ ఫ్రేము మూలలు తగిలిస్తే షాపు రెడీ, అనుభవం అక్కర్లేదు అన్నట్టు రాయడం చూసి ఉండబట్టలేక ఈ ఉత్తరం. నేనూ మొదట్లో అలాగే దిగినవాణ్ణే, కాబట్టి ఎక్కడ ఎదురు తంతుందో చెప్పగలను.

నాలుగు బద్దలు 45 డిగ్రీలకి కోసి అతికించడమే కదా అనిపిస్తుంది. ఒక ఫ్రేముకి ఎనిమిది కోతలు. ఒక్కో కోతలో పావు డిగ్రీ తేడా వచ్చినా కంటికి ఆనదు, మూడు మూలలు బుద్ధిగా కలుస్తాయి, నాలుగో మూల దగ్గరికొచ్చేసరికి ఆ పావులన్నీ కలిసి రెండు డిగ్రీలై నోరు తెరుస్తుంది. అప్పుడు పుట్టీ పెట్టి రంగు పూస్తాం, తప్పేమో రంపం సెట్టింగులో ఉంటుంది. ఎదురెదురు బద్దలు వెంట్రుకవాసి పొడవు తేడా ఉన్నా ఇదే గోల. ఈ తంటాలన్నీ పని తెలిసినవాళ్ళ దగ్గర, మిగిలిపోయిన ముక్కల మీద పడాలి గానీ కస్టమర్ ఆర్డర్ మీద కాదు.

లెక్క కూడా అంతే. 12 బై 16 అంగుళాల బొమ్మ వస్తే చుట్టుకొలత 56 అంగుళాలని రేటు చెప్పేస్తారు. రెండంగుళాల వెడల్పు బీడింగ్, అంటే ఫ్రేము బద్ద, వేస్తే మూలల కోతకి ఆ వెడల్పుకి ఎనిమిదింతలు కలపాలి, అంటే 72. రంపం నమిలేసేదీ, వంకర తిరిగి పక్కన పడేసేదీ ఇంకా ఇందులో కలపలేదు. మొదటి ఏడాది నా లాభమంతా ఆ చెత్తబుట్టలోనే ఉండేది!

ఇవి డబ్బుతో పోయే తప్పులు. అసలు భయపడాల్సింది వేరే ఉంది. ఆ రోజుల్లోనే ఒకాయన వాళ్ళ నాన్నగారి ఫొటో తెచ్చారు, ఉన్నది ఒక్కటే కాపీ. మౌంటు, అంటే బొమ్మ చుట్టూ కిటికీలా కోసి పెట్టే అట్ట, లేకుండా నేరుగా అద్దానికి ఆనించి బిగించి ఇచ్చాను, బాగుందని మురిసిపోయారు. నాలుగేళ్ళకి అదే పటం తెచ్చి కౌంటర్ మీద పెట్టారు. బుగ్గ దగ్గర తడి మచ్చలాంటిది మెరుస్తోంది. ల్యాబ్‌లో కడిగించిన ఫొటో పైన జెలటిన్ అనే జిగురులాంటి పొర ఉంటుంది, తేమకి అది మెత్తబడి అద్దాన్ని పట్టేస్తుంది, లాగితే బొమ్మే లేచొస్తుంది. మధ్యలో ఒక మౌంటు బోర్డు గానీ, అంచుల్లో అద్దాన్ని ఎడంగా ఉంచే సన్నటి స్పేసర్ గానీ ఉంటే సరిపోయేది. ఆయన నన్నేమీ అనలేదు. "పోనీలెండి, అలాగే ఉంచేయండి" అని తీసుకెళ్ళారు.

మా పనిలో చిక్కే అది, చేసిన తప్పు చేసిన రోజున కనపడదు. యాసిడ్ ఉండే చవక మౌంటు కొన్నేళ్ళకి బొమ్మ అంచు చుట్టూ గోధుమరంగు గీత గీస్తుంది. మామూలు సెల్లో టేప్ జిగురు కాగితంలోకి ఇంకిపోతుంది, తర్వాత ఆ మరక వదిలించడం చాలా కష్టం. కాగితం మీద వేసిన చిత్రాన్ని గోధుమ పిండిలోంచి తీసిన గంజితో, పల్చటి జపాన్ కాగితం ముక్కలతో పైఅంచున మాత్రమే పట్టించాలి, తేమకి కాగితం సాగినా ముడుచుకున్నా ఇబ్బంది ఉండదు, రేపెప్పుడైనా ఊడదీయాలన్నా తేలిగ్గా వస్తుంది. సుద్దలాంటి పొడిరంగులతో వేసే పాస్టెల్ బొమ్మకి అద్దం బదులు మామూలు యాక్రిలిక్ షీటు వేస్తే స్టాటిక్ కరెంటుకి రంగుపొడి ఎగిరి దానికే అంటుకుంటుంది. మెషిన్ అమ్మేవాడు ఇవన్నీ చెప్తాడా?

అందుకే ఎవరైనా అడిగితే మెషిన్ సంగతి తర్వాత చూడు, ముందు ఏడాదైనా ఒకరి దగ్గర పని చెయ్యి అంటాను. జీతం తక్కువైనా పర్లేదు. మౌంటు కొయ్యడానికి మొదట్లో చేతి కట్టరు చాలు, 45 డిగ్రీల ఏటవాలులో మూల దగ్గర గీత దాటకుండా బ్లేడు ఆపడం చేతికి అలవాటవ్వడానికే నెలలు పడుతుంది. కౌంటర్ దగ్గర కూడా నిలబడాలి. బొమ్మ తీసుకునేటప్పుడే ఉన్న మరకలూ చిరుగులూ చూపించి రసీదు మీద రాయకపోతే, తర్వాత అవన్నీ మన ఖాతాలోకే వస్తాయి.

మీ వ్యాసం చదివి మొన్న ఒక కుర్రాడు మెషిన్ రేట్లు కనుక్కోవడానికి నా దగ్గరికే వచ్చాడు. రేట్లు చెప్పలేదు, మూలనున్న ఒక పాత పటం చేతికిచ్చి వెనక కాగితం చింపమన్నాను. తుప్పుపట్టిన మేకులు, బిస్కెట్ రంగుకి తిరిగిన అట్ట, మూడు వరసల టేపు, దాని కింద చిత్రం మీద అదే ఆకారంలో మరక. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఇంకో పటం ఉందా అండీ" అన్నాడు.

ఇట్లు,
పటాలు కట్టుకుని బతికే ఒక పాఠకుడు